ఫుల్ మారథాన్‌కు వెళ్లాలా, ఆగాలా: ఒక టీచర్ కేసు

2024 ఏప్రిల్ 20, శనివారం సాయంత్రం. తార్నాకలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఒక టీచర్ వచ్చారు. వయసు 44. మేడ్చల్ జిల్లాలో ఒక ప్రైమరీ స్కూల్లో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్). చదివింది లెక్కల్లో ఎమ్మెస్సీ. ఎడమ కాలి ముందు ఎముక లోపలి అంచున మూడు వారాలుగా నొప్పి. నేను కాలు చూద్దామని వంగేలోపే అన్నారు:

"నొప్పి సంగతి తర్వాత చూద్దాం సర్. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో నేను ఫుల్ చేయగలనా లేదా, ముందది చెప్పండి."

పద్నాలుగేళ్లుగా రన్నర్లను చూస్తున్నాను. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది కానీ ఎప్పుడూ మోకాలి నొప్పి వెనకో, మడమ నొప్పి వెనకో నక్కి వస్తుంది. ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఆవిడ అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వెనకటి సంగతులు

లాక్‌డౌన్ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకతో మొదలుపెట్టారు. నడక 5కే అయింది, 5కే 10కే అయింది. ఇప్పటికి మూడు హాఫ్ మారథాన్లు (హాఫ్ అంటే 21 కిలోమీటర్లు, ఫుల్ అంటే 42). మంచి టైమింగ్ 2 గంటల 28 నిమిషాలు. వారానికి మూడు రోజులు, మొత్తం 20 కిలోమీటర్లు. 21 దాటి ఎప్పుడూ పరుగెత్తలేదు. ఆదివారాలు నెక్లెస్ రోడ్‌లో ఒక గ్రూప్‌తో కలిసి చేస్తారు. ఆ గ్రూప్‌లో ఏడుగురు ఈసారి ఫుల్‌కు సిద్ధమవుతున్నారు. వాళ్లతో పాటు ఈవిడా మార్చిలో ఐదు వారాల్లోనే 20 నుంచి 34 కిలోమీటర్లకు పెంచారు. నొప్పి అక్కడ మొదలైంది.

నిద్ర ఐదున్నర గంటలు. పొద్దున 4:15కు లేవాలి, లేకపోతే వంట, స్కూలు, పరుగు మూడూ కుదరవు. పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్‌లోకి వస్తోంది. నాన్నగారికి 53వ ఏట బైపాస్ అయింది. వేసుకున్న షూస్ రెండేళ్ల పాతవి, అడుగు అరిగి ఒక పక్కకు ఒరిగింది.

ఇంకో సంగతి చివర్లో, కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. ఐదో తరగతి పిల్లలకు కిలోమీటర్ల పాఠం చెప్తూ, "టీచర్ ఆగస్టులో 42 కిలోమీటర్లు పరుగెత్తుతుంది, అంటే ఉప్పల్ నుంచి భువనగిరి దాటేదాకా" అనేశారట. అప్పటినుంచి పిల్లలు రోజూ బోర్డు మూలన 42 అని రాస్తున్నారు. ఇది కేస్ షీట్‌లో రాసే విషయం కాదు. నేను రాసుకున్నాను. ఎముక మీద ఎంత బరువు పడుతోందో చూసేవాడు మనసు మీద పడే బరువు కూడా చూడాలి కదా.

కాలు చెప్పింది

ఎముక లోపలి అంచు వెంట దాదాపు 8 సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి. ఒకే చోట బొటనవేలంత జాగాలో గుచ్చినట్టు లేదు. రాత్రిళ్లు నొప్పితో మెలకువ రావడం లేదు. ఒంటికాలి మీద పదిసార్లు గెంతమంటే ముఖం చిట్లించారు గానీ గెంతారు. ఇవన్నీ షిన్ స్ప్లింట్స్ (శ్రమ ఎక్కువై ఎముక అంచు వెంట వచ్చే నొప్పి) వైపు చూపిస్తాయి, స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని చీలిక) వైపు కాదు. నొప్పి ఒక్కచోట గుమిగూడినా, విశ్రాంతిలో కూడా సలిపినా వెంటనే ఎమ్మారై అని చెప్పాను. మొదట్లో ఎక్స్‌రేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుందన్నారు, అందుకే పరుగెత్తాను" అంటూ కుంటుతూ వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

అసలు లోపం పిక్కల్లో దొరికింది. ఒంటికాలి మీద నిలబడి మడమ పూర్తిగా ఎత్తి దించమంటే కుడికాలు 14 సార్లు, ఎడమకాలు 9 సార్లు. రన్నర్‌కు నేను 25 ఉండాలంటాను.

గుండె విషయంలో భయపెట్టలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు. అమెరికాలో 2000 నుంచి 2010 దాకా హాఫ్, ఫుల్ మారథాన్లు చేసిన సుమారు 1.09 కోట్ల మందిలో 59 మందికి పరుగులోనో, ముగిశాకో గుండె ఆగింది. లక్షకు ఒకరి కంటే తక్కువ. అయినా నాన్నకు 53లో బైపాస్ అంటే కార్డియాలజిస్టును కలవాల్సిందే. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు, అన్నీ బాగున్నాయి. పరుగులో ఛాతీ బిగుసుకున్నా, కళ్లు తిరిగినా ఆగిపోవాలన్న షరతుతో ఆయన ఒప్పుకున్నారు.

లెక్కల టీచర్‌తో లెక్క

రన్నర్లు ఎక్కువగా వాడే సూత్రం ఒకటుంది. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజనీర్ 1977లో ఇచ్చాడు. ఒక దూరానికి పట్టిన సమయం తెలిస్తే, రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి దాంతో గుణించాలి. నేను ఫోన్ తీసేలోపే ఆవిడ లెక్క చెప్పేశారు: "రెండు పవర్ 1.06 అంటే 2.085. ఇంటూ 148 నిమిషాలు. 308 పైచిలుకు. 5 గంటల 9 నిమిషాలు. అయితే చేయగలను కదా సర్?"

లెక్క తప్పు లేదు. ఆ సూత్రం పెట్టుకున్న షరతే ఈవిడకు వర్తించదు. హాఫ్‌కు ఎంత సిద్ధమయ్యారో ఫుల్‌కూ అంతే సిద్ధమై ఉంటేనే అది పనిచేస్తుంది. మామూలు రన్నర్ల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, హాఫ్ దాకా ఈ సూత్రం సరిగ్గానే నిలిచింది. ఫుల్ దగ్గరికి వచ్చేసరికి సగం మందికి కనీసం 10 నిమిషాలు తక్కువగా చూపించింది. వారానికి 20 కిలోమీటర్లు చేసేవాళ్లకు ఆ తేడా ఇంకా పెరుగుతుందని నా అనుభవం. నా అంచనా 5:45 నుంచి 6 గంటలు.

ఆరు గంటలంటే ఏంటో ఒకసారి ఆలోచించండి. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023 అక్టోబర్‌లో షికాగోలో 2:00:35కు ముగించాడు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ సమయానికి మా టీచర్ 15వ కిలోమీటర్ దగ్గర ఉంటారు. వెనక వచ్చేవాళ్లది తేలిక పరుగని చాలామంది అనుకుంటారు. ఎండలో, కాళ్ల మీద, మూడింతల సేపు ఉండేది వాళ్లే. పైగా హైదరాబాద్ రూట్ ఏమీ చదును కాదు. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు. ఆగస్టు చివర్లో వేడి అంతగా లేకపోయినా గాలిలో తేమ ఉంటుంది, చెమట ఆరదు.

ఒంట్లో ఇంధనం సంగతి కూడా చూడాలి. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ. ఆవిడ 62 కిలోలు, అంటే 2,600 దాకా కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకున్న చక్కెర నుంచి వచ్చేవి సుమారు 2,000 కేలరీలు. 30 దాటాక కాళ్లు సీసం పోసినట్టవడం అందుకే. దారిలో తినడం నేర్చుకోవాలి. అది కూడా ప్రాక్టీసే, ఆ రోజు పొద్దున కొత్తగా మొదలుపెట్టేది కాదు.

నీళ్ల గురించి అడిగితే, "ప్రతి స్టాల్ దగ్గరా రెండు గ్లాసులు తాగుతాను సర్, డీహైడ్రేషన్ అవకూడదని" అన్నారు. కిందటి హాఫ్ తర్వాత తలనొప్పి, వికారం, ఉంగరం బిగుసుకుపోవడం. ఎందుకొచ్చాయో ఇప్పుడు తేల్చలేం. కానీ నెమ్మదిగా వెళ్లేవాళ్లకు నీళ్లు తక్కువవడమే కాదు, ఎక్కువవడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి రక్తంలో సోడియం తగ్గి ఉంది. దాహం వేస్తే తాగండి, స్టాల్ కనిపించిందని తాగకండి అన్నాను.

నేను చెప్పిన మాట, ఆవిడ అడిగిన మాట

ఆగస్టు 25కు 18 వారాలు. మొదటి నాలుగు ఎముకకే పోతాయి. మే 13న లోక్‌సభ పోలింగ్, ఎన్నికల డ్యూటీ. అప్పటికి తెల్లవారుజామున కూడా ఉక్కపోత. జూన్ 12న స్కూళ్లు తెరుస్తారు. చివరి మూడు వారాలు పరుగు తగ్గించుకోవాలి. మిగిలిన పది, పదకొండు వారాల్లో 20 నుంచి 45కు పెంచాలి. మార్చిలో 34కు పెంచితేనే ఎముక మూలిగింది.

"ఈ ఆగస్టుకు వద్దు మేడమ్."

"వద్దంటే ఎప్పటికీ వద్దా, ఇప్పుడు వద్దా?"

"ప్రస్తుతానికి వద్దు, తర్వాత చూద్దాం."

"సర్, ప్రస్తుతానికి అనే అంకె ఉండదు. ఏం చూపిస్తే మీరు సరే అంటారు? అది చెప్పండి."

నా దగ్గర సమాధానం లేదు. ఇన్నేళ్లలో ఎంతమందికి 'తర్వాత చూద్దాం' అని చెప్పి పంపానో! ఏం చూస్తానో నాకే తెలియకుండా చెప్పిన మాట అది. రెండు వారాల్లో రాసిస్తానని అప్పటికి గట్టెక్కాను.

నేను అడగని ప్రశ్న

రెండు వారాలకు నొప్పి తగ్గింది. కానీ ట్రెడ్‌మిల్ మీద కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున మెల్లగా పరుగెత్తిస్తే గుండె వేగం 168. మాట్లాడుతూ పరుగెత్తాల్సిన వేగం అది, ఆవిడకు మాట రావడం లేదు. ఎండాకాలం, నిద్రలేమి అనుకున్నాను. షీట్‌లో 'శిక్షణ చాలదు' అని రాశాను.

మా క్లినిక్‌లో జూనియర్ ఫిజియో ఒకమ్మాయి. పిక్కల వ్యాయామం చేయిస్తూ మాటల్లో నెలసరి గురించి అడిగింది. రెండేళ్లుగా ఎనిమిది, తొమ్మిది రోజులు ఉంటోందట, మొదటి మూడు రోజులూ రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాలట. "ఈ వయసులో అంతేగా" అని ఊరుకున్నారు. ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు, పచ్చి బియ్యం తినాలనిపిస్తుందా అని అడిగింది. ఆవిడ నవ్వేశారు. మధ్యాహ్న భోజనం బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకోకుండా ఉండలేరట.

పచ్చి బియ్యం మీద ఆ యావ ఐరన్ లోపానికి ఒక గుర్తు. రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 9.8. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. రెండూ బాగా తక్కువే.

నేను 14 ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ని, ఆరు ఫుల్ మారథాన్లు చేసినవాణ్ని. మగవాణ్నని మొహమాటపడి ఆ ప్రశ్న దాటేశాను. మొహమాటం కూడా కాదు, అసలు గుర్తే రాలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. అంటే నా దగ్గరికొచ్చే ఏ ఆడమనిషికైనా అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి. 2:28 టైమింగ్ చూసి 'ఇంతే శక్తి' అని నేను లెక్కకట్టిన మనిషి, రక్తం చాలకుండానే ఆ 2:28 పరుగెత్తారు.

గైనకాలజిస్టు స్కానింగ్ చేయించారు, గర్భాశయంలో ఫైబ్రాయిడ్ (క్యాన్సర్ కాని గడ్డ) బయటపడింది. రక్తస్రావం తగ్గడానికి మందులు, ఐరన్ మాత్రలు రాశారు. మాత్రకు అటూ ఇటూ గంటసేపు టీ ముట్టుకోవద్దన్నది ఆవిడకు అన్నిటికంటే కష్టమైన షరతు. ఆ నెల ఇద్దరం ఆగస్టు ఊసే ఎత్తలేదు.

కాయితం

జూన్ మొదటి వారంలో కూర్చుని, లెక్కల నోట్‌బుక్‌లోంచి చింపిన కాయితం మీద రాసుకున్నాం. గురి 2025 జనవరి 19, ముంబయి మారథాన్. ఆగస్టు కంటే వాతావరణం నయం, సిద్ధమవడానికి ఏడు నెలలకు పైగా సమయం. నిర్ణయించే రోజు 2024 నవంబర్ 24, సరిగ్గా ఎనిమిది వారాల ముందు. ఆ రోజుకు మూడూ అయి ఉండాలి. హిమోగ్లోబిన్ 12 దాటాలి. వరుసగా నాలుగు వారాలు 40 కిలోమీటర్లు చేసి, మర్నాడు పొద్దున ఎముక నొక్కితే నొప్పి ఉండకూడదు. ఒక్కసారైనా 28 కిలోమీటర్లు చేసి, సోమవారం స్కూలు మెట్లు మామూలుగా దిగాలి.

మూడో షరతు ఆవిడే పెట్టారు. కిందటి హాఫ్ తర్వాత మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగారట, పిల్లలు పడీపడీ నవ్వారట.

28 ఎందుకు, అందరూ 32 అంటారు కదా అని ఈ వృత్తిలోవాళ్లు అడుగుతారు. ఆవిడ నెమ్మది వేగానికి 32 అంటే నాలుగు గంటల పైమాట. అంతసేపు చేస్తే వచ్చే లాభం కంటే కోలుకోవడానికి పట్టే రోజులే ఎక్కువ. నిర్ణయానికి 28 చాలు, ఆ తర్వాత ఒక్కసారి 30.

కొత్త షూస్ కొన్నారు. మెట్టు అంచున నిలబడి మడమలెత్తే వ్యాయామం వారానికి మూడు రోజులు, తర్వాత వీపున బ్యాగులో బరువు వేసుకుని. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మొదట్లో నడకంటే ఒప్పుకోలేదు. "నడిస్తే మారథాన్ ఎలా అవుతుంది సర్?" జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తినవాడు, ఈ నడక పద్ధతిని ప్రచారం చేసింది ఆయనే అని చెప్పాక కొంచెం మెత్తబడ్డారు.

ఆగస్టు 25న గ్రూప్‌వాళ్లు పరుగెత్తుతుంటే ఆవిడ నారింజ తొనలు, ఉప్పు పొట్లాలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. ఏడుగురిలో ఐదుగురు పూర్తిచేశారు. పిల్లలకు మాత్రం "42 వాయిదా పడింది" అని చెప్పారట. ఒకడు 'వాయిదా' అంటే ఎన్ని రోజులు టీచర్ అన్నాడట.

సెప్టెంబర్‌కు హిమోగ్లోబిన్ 12.3. అదే 8 నిమిషాల వేగానికి గుండె 149. ఎడమ పిక్క 23. అక్టోబర్ 27న 28 కిలోమీటర్లు అయ్యాయి, సోమవారం మెట్లు మామూలుగానే దిగారు. ఆ వారం 41, తర్వాతి వారం దీపావళి పనుల్లో కూడా 42.

నవంబర్ 24

నవంబర్ 6న రాష్ట్రమంతా ఇంటింటి కుల సర్వే మొదలైంది. ఎన్యూమరేటర్లు ఎవరంటే ఎస్‌జీటీలు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా బడి, ఆ తర్వాత సర్వే. ఒక్కొక్కరికి 150 దాకా ఇళ్లు, ఇంటికి 75 ప్రశ్నలు. తాళం వేసిన ఇళ్లకు పొద్దున ఏడింటికే మళ్లీ వెళ్లాలి, ఆదివారమైనా సరే. పరుగు 22కు పడింది, మరుసటి వారం 17కు, ఆ తర్వాత 19.

అనుకున్న రోజు సాయంత్రం కాయితం పట్టుకుని వచ్చారు. మూడింటిలో రెండు అయ్యాయి. నాలుగు వరుస వారాలు కాలేదు, రెండే.

ఇక్కడ నా సంగతి చెప్పుకోవాలి. "పర్లేదు మేడమ్, ఒకటే కదా తప్పింది. సర్వేలో రోజంతా నడిచారు, అదీ శ్రమే. ఎనిమిది వారాలున్నాయి, వెళ్దాం" అన్నాను. వైద్యపరంగా అది పూర్తిగా తప్పు మాట కాదు, నడక-పరుగుతో పూర్తిచేసేవారే అనుకుంటాను. కానీ ఆ మాట అన్నది ఫిజియో కాదు. ఏడు నెలలు కష్టపడ్డ పేషెంట్ మెడల్‌తో దిగిన ఫొటో క్లినిక్ గోడకు పెట్టుకోవాలనుకున్న మనిషి.

ఆవిడ కాయితం నా వైపు తిప్పారు. "వరుసగా నాలుగు అని రాసింది మీరే. ఇప్పుడు 19 నుంచి మళ్లీ 40కి ఎన్ని వారాల్లో వెళ్లాలి?"

చివరి మూడు తగ్గించుకునే వారాలు తీసేస్తే మిగిలేవి ఐదు.

"మార్చిలో కూడా ఐదు వారాలే సర్."

నేనేం మాట్లాడలేదు. ముంబయి వద్దనుకున్నారు. ఇంటికెళ్లాక ఏడ్చారని తర్వాత మా జూనియర్‌తో చెప్పారట.

2025 జనవరి 19న, ముంబయిలో పరుగు జరుగుతున్న పొద్దున, ఉస్మానియా క్యాంపస్‌లో ఆవిడ ఒక్కరే 30 కిలోమీటర్లు చేశారు. 4 గంటల 2 నిమిషాలు. దారిలో అరటిపళ్లు, బెల్లం వేరుశెనగ ఉండలు. నీళ్లు దాహానికి తగ్గట్టు. మర్నాడు ఎముక నొక్కి చూశాను, నొప్పి లేదు. చేసి చూడండని చెప్పకుండానే ఎడమకాలి మీద మడమ 26 సార్లు ఎత్తి చూపించారు.

ఆ కేసు తర్వాత మా క్లినిక్ ఫారంలో రెండు మార్పులు వచ్చాయి. ఆడవాళ్లకు నెలసరి, ఐరన్ ప్రశ్నలు మొదటి పేజీలోకి వచ్చాయి, నేను ఉన్నా లేకపోయినా అడగాల్సిందే. 'తర్వాత చూద్దాం' అని రాసే చోట ఇప్పుడు రెండు గడులు ఉన్నాయి: ఏ తేదీన, ఏం చూసి.

2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చారు. ఈసారి కాయితం తనే రాసుకొచ్చారు. 2026 జనవరి 18, ముంబయి. షరతులు అవే, అంకెలు కొంచెం పెంచారు. వారాల పట్టికలో నవంబర్, డిసెంబర్‌ల మధ్య మూడు గడులు ఖాళీగా వదిలేసి, పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసుకున్నారు: 'పంచాయతీ ఎన్నికలు?'